దస్తీ వేసిన సీట్లు: మీ ర్యామ్‌లో ఎవరెవరు కూర్చున్నారు?

పోయిన ఆదివారం మధ్యాహ్నం మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. డిగ్రీ సెకండియర్. వెనక ట్రాఫిక్ హోరు.

“అన్నయ్యా, సెకండ్ హ్యాండ్‌లో ఫోన్ తీసుకున్నా. 4 జీబీ ర్యామ్ అన్నాడు. డెవలపర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి చూస్తే 3.6 అని ఉంది. లోపల చిప్ మార్చేశాడంటావా?”

“ఎక్కడున్నావ్ రా ఇప్పుడు?”

“షాప్ ముందే. నలుగురం వచ్చాం.”

ఆ ‘నలుగురం’ అన్న మాటకి నా చేతిలో ముద్ద ఆగిపోయింది. “ఒరేయ్, ఒక్క పది నిమిషాలు ఆగు. ఆయన నిన్ను మోసం చేయలేదు. పక్కన టీ కొట్టు ఉంటే అక్కడ కూర్చో, చెప్తా” అన్నాను. వాడికి చెప్పిందే ఇవాళ మీకూ చెప్తున్నా. వాడికి చెప్పనిది ఒకటుంది, అది చివర్లో వస్తుంది.

ముందు ఒక అపోహ తీసేద్దాం. 64 జీబీ పెన్‌డ్రైవ్ కొంటే కంప్యూటర్‌లో 59 అని చూపిస్తుంది చూశారా, అది వేరే కథ. అక్కడ కంపెనీ వాళ్లు వెయ్యితో లెక్కేస్తారు, కంప్యూటర్ 1024తో లెక్కేస్తుంది. ర్యామ్‌కి ఆ గొడవ లేదు. చిప్‌లో 4 జీబీ పూర్తిగా ఉంది. కాకపోతే అది ఆండ్రాయిడ్ ఒక్కదాని సొత్తు కాదు.

ఫోన్‌లో ఒకటే కంప్యూటర్ ఉంటుందని మనం అనుకుంటాం. నిజానికి అదొక ఉమ్మడి కుటుంబం. సిగ్నల్ పట్టుకునే మోడెమ్ ఉందే, దానికి సొంత ప్రాసెసర్, సొంత సాఫ్ట్‌వేర్. పాట వినిపించే ఆడియో ప్రాసెసర్ ఇంకొకటి. మీ వేలిముద్ర, తాళాలు దాచే ట్రస్ట్‌జోన్ అనే రహస్య గది ఒకటి. వీళ్లందరికీ విడివిడిగా ర్యామ్ చిప్‌లు పెడితే ఫోన్ ధర ఎక్కడికో పోతుంది కాబట్టి అందరూ ఆ 4 జీబీలోనే తలా కొంత పంచుకుంటారు. ఎవరి వాటా ఎంతో ఫోన్ ఆన్ అయిన మొదటి క్షణాల్లోనే తేలిపోతుంది. తేలాక మిగిలిందే మీకు కనిపించే లెక్క.

ఎంత పోతుందో ఒక నిజమైన ఉదాహరణ చెప్తా. పోకో ఎఫ్1, వన్‌ప్లస్ 6 ఫోన్లు గుర్తున్నాయా? వాటిలో ఉన్నది క్వాల్‌కమ్ స్నాప్‌డ్రాగన్ 845. ఆ చిప్ వివరాల ఫైలు లినక్స్ సోర్స్‌లోనే ఉంది, ఎవరైనా తెరిచి చదవొచ్చు. అందులో మోడెమ్ పేరు మీద 120 ఎంబీ రాసిపెట్టి ఉంది. ఆడియో ప్రాసెసర్‌కి 26 ఎంబీ. ఇలా చిన్నా పెద్దా వరుసగా ఉంటాయి.

దీనికి తోడు కెర్నెల్ సొంత ఖర్చు. కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, మెమరీ పంపకమంతా దాని పనే. అది ర్యామ్‌ని 4 కేబీ పేజీలుగా కోసి, ఒక్కో పేజీ ఎవరి దగ్గరుందో చిట్టా రాసుకుంటుంది. 64 బిట్ లినక్స్‌లో మామూలుగా పేజీకి 64 బైట్ల చిట్టా. 4 జీబీ అంటే పది లక్షల పైచిలుకు పేజీలు. గుణించి చూడండి, లెక్కల పుస్తకానికే 64 ఎంబీ అయిపోతుంది.

సరే, వాటా ఇచ్చుకోనీ. కానీ బూట్ అవుతుండగానే ఎందుకు పట్టేసుకోవాలి? అవసరమైనప్పుడు అడిగి తీసుకోవచ్చుగా, మన యాప్‌లన్నీ అలాగే కదా బతుకుతున్నాయి?

ఇక్కడికి బస్సు వస్తుంది. ఈ పోలిక నాది కాదు, ఎవరిదో తర్వాత చెప్తా.

సంక్రాంతి ముందు రోజు బస్టాండ్. బస్సు ఇంకా ప్లాట్‌ఫామ్ మీదకి రాకముందే కిటికీలోంచి కర్చీఫ్‌లు, తువ్వాళ్లు, ఒక్కోసారి చంటి పిల్లాడి చెప్పులు సీట్ల మీద పడతాయి. ఒంటరిగా వెళ్లేవాడికి ఈ తంటా అక్కర్లేదు, మధ్యలో ఎక్కినా ఎక్కడో ఒక సీటు దొరుకుతుంది. ఐదుగురు పక్కపక్కనే కూర్చోవాలంటే మాత్రం మొదట్లోనే దస్తీ వేయాలి. బస్సు నాలుగు స్టాపులు తిరిగాక ఇరవై సీట్లు ఖాళీగా ఉండొచ్చు, కానీ ఇక్కడొకటి, అక్కడొకటి.

యాప్‌లు ఒంటరి ప్రయాణికుల్లాంటివి. వాటికి ఇచ్చిన పేజీలు ర్యామ్‌లో చెల్లాచెదురుగా ఉన్నా, ప్రాసెసర్‌లోని ఎమ్‌ఎమ్‌యూ అనే భాగం వాటిని వరుసగా ఉన్నట్టు చూపించి మాయ చేస్తుంది. కెమెరా, డిస్‌ప్లే లాంటి చాలా హార్డ్‌వేర్‌లకి, ముఖ్యంగా చవక చిప్‌లలో, ఈ మాయ అందుబాటులో ఉండదు. వాటికి మొదటి చిరునామా ఒక్కటి ఇస్తే అక్కడి నుంచి కళ్లు మూసుకుని రాసుకుంటూ పోతాయి. ఫుల్ హెచ్‌డీ వీడియోలో ఒక్క బొమ్మ, మామూలుగా వాడే వైయూవీ పద్ధతిలో, 31 లక్షల బైట్లు. అంటే 760 పేజీలు, ఒక్కటి కూడా తప్పకుండా పక్కపక్కనే. గంటసేపు వాట్సాప్, యూట్యూబ్, గేమ్ నడిచిన ఫోన్‌లో అన్ని పేజీలు వరుసగా దొరకడం అంటే భోగి రోజు సాయంత్రం బస్సులో వెనక సీటు మొత్తం ఖాళీగా దొరకడమే.

పీసీల్లో ఈ వాటాలు చెప్పే పని బయోస్‌ది. ఏ చిరునామా నుంచి ఏ చిరునామా దాకా వాడుకోవచ్చో, ఏది ముట్టుకోకూడదో ఒక పట్టిక అందిస్తుంది. అసలు ఈ ఆచారం పీసీ పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. 1981 నాటి ఐబీఎం పీసీలో ప్రాసెసర్ చూడగలిగిందే 1 ఎంబీ, అందులో ప్రోగ్రాములకి 640 కేబీ, మిగతా 384 స్క్రీన్‌కీ ఇతర హార్డ్‌వేర్‌కీ. ఫోన్లలో, చిన్న బోర్డుల్లో బయోస్ ఉండదు. అక్కడ ఒక మనిషి కూర్చుని టెక్స్ట్ ఫైల్‌లో రాయాలి. దాని పేరు డివైస్ ట్రీ. బోర్డు మీద ఏముందో, ఏ చిరునామాలో ఉందో అంతా అందులో ఉంటుంది. దానిలో ‘రిజర్వ్‌డ్ మెమరీ’ అనే ఒక విభాగం, దాని కింద ఒక్కో వాటాకి ఒక్కో చిన్న పేరా. ఈ పద్ధతికి లినక్స్ కెర్నెల్‌లో చోటు దొరికింది 2014లో, 3.15 వెర్షన్‌తో.

పేరా రాయడం రెండు రకాలు. ఫలానా చిరునామా నుంచి ఇంత అని ఖచ్చితంగా చెప్పడం ఒకటి. ఎక్కడైనా పర్లేదు, ఇంత సైజు చాలు అని చెప్పి చోటు ఎంచే పని కెర్నెల్‌కే వదిలేయడం రెండోది. ఆ తర్వాత ఏ పరికరానికి ఆ వాటా కావాలో, ఆ పరికరం పేరాలో దీన్ని చూపిస్తూ ఒక లైను. ఇంతే. చూడ్డానికి పదో క్లాసు పిల్లాడు కూడా రాసేసేలా ఉంటుంది. అదే ప్రమాదం.

వాటాతో పాటు ఒక షరతు కూడా పెట్టొచ్చు. నాకు ఇష్టమైంది ‘నో మ్యాప్’. అంటే ఈ ముక్కని కెర్నెల్ తన చిరునామా పుస్తకంలోకే ఎక్కించుకోకూడదు. వాడకపోతే చాలదా, పుస్తకంలోంచి కూడా ఎందుకు తీసేయాలి అని నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అడిగాను. కారణం ప్రాసెసర్ అత్యుత్సాహం. ఇప్పటి ప్రాసెసర్లు మనం అడిగేదాకా ఆగవు, తర్వాత ఇది కావాలేమో అని ఊహించి ముందే తెచ్చి పెట్టుకుంటాయి. పెళ్లింట్లో అడక్కుండానే గిన్నెలన్నీ మోసుకొచ్చే బావగారి టైపు. ఆ ఊహలో ఒక్కోసారి ట్రస్ట్‌జోన్ గదిలోకి చెయ్యి పెడుతుంది. ఏ ప్రోగ్రామూ అడగలేదు, ఎవరి తప్పూ లేదు, అయినా కాపలా హార్డ్‌వేర్ ఊరుకోదు, సిస్టమ్ అక్కడికక్కడే కూలిపోవచ్చు. పుస్తకంలో చిరునామానే లేకపోతే ఊహించడానికి ఏమీ ఉండదు.

ఇంకో షరతు దీనికి పూర్తి వ్యతిరేకం, ‘రీయూజబుల్’. రెండూ ఒకే వాటాకి పెట్టకూడదు. రిజర్వేషన్ ఉన్న సీటులో, ఆ మనిషి ఎక్కే స్టాపు వచ్చేదాకా మనం కూర్చుంటాం చూడండి, అదే ఇది. కెమెరా వాడనంతసేపూ ఆ చోటు మామూలు యాప్‌లకి ఇస్తారు. కెమెరా తెరవగానే అక్కడున్న వాళ్లని లేపి వేరే చోటికి పంపిస్తారు. శామ్‌సంగ్ ఇంజనీర్లు ముందుండి రాసిన సీఎమ్‌ఏ అనే ఈ ఏర్పాటు 2012లో లినక్స్ 3.5లోకి వచ్చింది. చిక్కల్లా, కూర్చున్నవాడు నిద్రపోయి లేవకపోతేనే. పేజీలు ఖాళీ చేయించడం ఆలస్యమైతే కెమెరా తెరుచుకోవడమూ ఆలస్యమే.

ఇక అసలు సంగతి. మా తమ్ముడికి చెప్పనిది.

మూడేళ్ల కిందట నేను పనిచేసిన చోట నిఘా కెమెరా బోర్డులు తయారయ్యేవి. కంపెనీ పేరెందుకు లెండి. 512 ఎంబీ ర్యామ్, ఒక చవక చిప్, లోపల బొమ్మల పని చూసే చిన్న ప్రాసెసర్. కొత్తగా ఎక్కువ రిజల్యూషన్ సెన్సార్ పెట్టాం. దానికి తగ్గ కొత్త ఫర్మ్‌వేర్ వచ్చింది. దానికిక 32 ఎంబీ వాటా కావాలి. డివైస్ ట్రీలో సైజు మార్చే పని నాది. మార్చాను, ఇద్దరు చూసి ఓకే అన్నారు, సాయంత్రం బిర్యానీకి వెళ్లాం.

వారం తిరక్కుండానే బోర్డులు కూలడం మొదలైంది. ఒకసారి ఫైల్ సిస్టమ్‌లో, ఒకసారి నెట్‌వర్క్ కోడ్‌లో, ఇంకోసారి ఏ సంబంధమూ లేని చోట. మా టేబుల్ మీద కాసేపు నడిపితే ఏమీ కాదు. రికార్డింగ్ పెట్టి రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి సగం బోర్డులు చచ్చిపడి ఉండేవి. ఒకే చోట కూలితే సాఫ్ట్‌వేర్ తప్పు, రోజుకో చోట కూలితే హార్డ్‌వేర్ తప్పు అని మా దగ్గర ఒక గుడ్డి నమ్మకం. “ర్యామ్ సోల్డరింగ్ సరిగ్గా లేదు” అని మీటింగ్‌లో మొదట అన్నది నేనే.

ల్యాబ్‌లో సోల్డరింగ్ చేసేది ఒక అన్న. నలభై దాటినాయన, ఊరు నల్గొండ దగ్గర. హాట్ ఎయిర్ గన్‌తో ర్యామ్ చిప్ లేపి, కొత్తది కూర్చోబెట్టడం ఒక్కో బోర్డుకి పూట పని. పందొమ్మిది రోజుల్లో తొమ్మిది బోర్డులకి మార్చాడు. మార్చినవి కూడా కూలాయి. దాంతో అనుమానం చిప్ మీద నుంచి ఆయన చేతి మీదకి మారింది. ఎక్సెల్ షీట్‌లో ‘కారణం’ అనే గడిలో ‘రీవర్క్ నాణ్యత’ అని ఎవరో రాశారు. ఆయనది కాంట్రాక్ట్ ఉద్యోగం, ఆ నెలాఖరుకే రెన్యువల్. ఆ గడి నేనూ చూశాను. ఏమీ అనలేదు.

ఇరవయ్యో రోజు టీ దగ్గర ఆయనే అన్నాడు. “తమ్మీ, ఒక్క మాట. చిప్ మార్చేటందుకు కెమెరా కేబుల్ గుంజేస్త గదా. కేబుల్ పెట్టక మరిచిపోయిన బోర్డు ఒకటి మూడు రాత్రులు మంచిగనే నడిచింది. సోల్డరింగ్ ఖరాబైతే కేబుల్ లేకున్నా పడాలె గదా?”

కప్పు అక్కడే పెట్టేసి పైకి పరిగెత్తాను. మేం చేసిన మెమరీ పరీక్షలన్నీ కెమెరా ఆపేసి చేసినవి, అన్నీ పాస్. కెమెరా ఆన్‌లో పెట్టి చేస్తే నిమిషాల్లో ఫెయిల్. కూలినప్పటి లాగ్‌లు తీశాను. అవి దాచే ర్యామూప్స్ అనేది కూడా ఒక రిజర్వ్ చేసిన ముక్కే, సిస్టమ్ పడిపోయి మళ్లీ లేచినా చెరిగిపోకుండా ఉంటుంది, విమానంలో బ్లాక్ బాక్స్‌లా. పాడైన చోటల్లా ఒకటే అంకె, 80, 80, 80. హెక్సాడెసిమల్‌లో 80 అంటే మన 128. వైయూవీ బొమ్మలో రంగు లేని చోట, బూడిద గోడలాంటి చోట పడే అంకె అదే. మా కెమెరాలన్నీ ల్యాబ్ గోడకేసి చూస్తున్నాయి. కెర్నెల్ డేటా మీద మా గోడ బొమ్మ అచ్చు పడుతోందన్నమాట.

డివైస్ ట్రీ తెరిచాను. 32 ఎంబీ అంటే హెక్సాలో 2 పక్కన ఆరు సున్నాలు. అక్కడ ఐదే ఉన్నాయి. హెక్సాలో ఒక సున్నా పోతే పది రెట్లు కాదు, పదహారు రెట్లు తగ్గుతుంది. నేను పట్టిపెట్టింది 2 ఎంబీ. ఫర్మ్‌వేర్ మాత్రం తనకి 32 ఉందనుకుని రాసుకుంటూ పోతోంది. మిగతా 30 ఎంబీని కెర్నెల్ ఖాళీ అనుకుని అందరికీ పంచేసింది. ఖాళీ పేజీ మీద ఎవరు రాసినా ఎవరికీ తెలీదు, అందుకే టేబుల్ మీద కాసేపటి పరీక్షలో ఏమీ కాలేదు. రాత్రి ర్యామ్ నిండేకొద్దీ ఆ పేజీల్లోకి మనుషులొచ్చి కూర్చున్నారు. రెండు వాటాలు ఒకదాని మీద ఒకటి పడితే కెర్నెల్ బూట్‌లోనే అరిచి చెప్తుంది. వాటా చిన్నదైతే దానికేం తెలుస్తుంది? ఖరీదైన చిప్‌లలో ఐఓఎమ్‌ఎమ్‌యూ అనే కాపలావాడు ఉంటాడు, గీత దాటితే చెయ్యి పట్టుకుంటాడు. మా చిప్‌లో ఆ భాగానికి లేడు.

మార్పు చేసినవాళ్ల పేరు చూడాల్సిన పని లేదు, నాకు తెలుసు. అయినా చూశాను. నా పేరే.

ఒక సున్నా చేర్చడానికి అర నిమిషం పట్టింది. చెప్పడానికి ఒక రాత్రి పట్టింది. టైపో అని ఒక లైను రాసి నిశ్శబ్దంగా మార్చేస్తే ఎవరూ అడగరు, షీట్‌లో గడి అలాగే ఉండిపోతుంది అని ఆ రాత్రి ఒకటి రెండుసార్లు అనుకున్నాను కూడా. పొద్దున్నే అందరికీ మెయిల్ పెట్టాను, తొమ్మిది బోర్డుల సోల్డరింగ్‌లో ఏ లోపమూ లేదు, సైజు తప్పు రాసింది నేను అని. షీట్‌లో ఆ గడి నేనే చెరిపి నా పేరు రాశాను. మేనేజర్ తిట్టారు, తిట్టాలి కూడా. నెలాఖరుకి అన్న కాంట్రాక్ట్ ఇంకో ఆరు నెలలు పొడిగించారు.

ల్యాబ్‌కి వెళ్లి ఆయనకి విడిగా చెప్పాను. రిజర్వ్‌డ్ మెమరీ అంటే ఏంటి, సైజు అంటే ఏంటి అని బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. చేతులు కట్టుకుని మొత్తం విన్నాడు.

“అంటే ముప్పై రెండు మందికి నువ్వు రెండు సీట్ల మీదనే దస్తీ ఏసినవ్. కండక్టర్‌కేమో మిగిలినయి ఖాళీ సీట్లే. టికెట్లు కొట్టిండు.”

“అంతే అన్నా.”

“మరి బస్సు మంచిగ లేదని నన్నంటిరి గదా తమ్మీ.”

నా దగ్గర జవాబు లేదు. ఆయనే డ్రాయర్ తెరిచి ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా తీశాడు. మూత మీద మార్కర్‌తో తేదీలు. లోపల ఆయన పీకిన తొమ్మిది ర్యామ్ చిప్‌లు, దేనికీ ఏ జబ్బూ లేనివి. ఒకటి నా చేతిలో పెట్టి, “ఇది ఉంచుకో” అన్నాడు.

నా టేబుల్ మీద కీబోర్డ్ పక్కనే ఉంటుంది అది. ఆదివారం ఫోన్ మాట్లాడుతూ దాన్నే తిప్పుతూ కూర్చున్నా. పది నిమిషాలన్నది ముప్పావు గంటైంది. చివర్లో మా వాడు, “సరే అన్నయ్యా, షాపాయన టీ డబ్బులు కూడా తీసుకోలేదు, ఇంటికెళ్తున్నాం” అన్నాడు. షాపాయన కూడా పక్కనే కూర్చుని స్పీకర్‌లో అంతా విన్నాడట. ఈసారి ఎవరైనా వచ్చి అడిగితే బస్సు కథ చెప్తానన్నాడట.